కింది ఎర్రగీత

మొన్న కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సులో నా ముందు సీటు అమ్మాయి గోళ్ళరంగు సీసా మూత తిప్పింది. చలికాలం కావడంతో కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. తియ్యగా మొదలై ఘాటుగా ముగిసే ఆ వాసన నా ముక్కు లోపలికి పోయి అక్కడే నిలబడింది. నేను లేచి నా పక్క కిటికీ తీశాను. అది చాలక, ఎవరినీ అడక్కుండా ఎదుటి వరుస కిటికీ కూడా తీశాను. వెనక సీటు అవ్వ ఊరుకోలేదు. "ఓ బిడ్డా, సలికి సచ్చేటట్టున్నం, కిటికి ఎయ్యరాదె" అంది. "వాసనొస్తలేదా అవ్వా మీకు?" అన్నాను. "వాసనకు ఎవలన్న సస్తరా?" అని ఆమె అనేసరికి బస్సులో సగం మంది నవ్వారు. నేను కిటికీ వేయలేదు, మళ్ళీ కూర్చోనూ లేదు. కడ్డీ పట్టుకుని నిలబడే ప్రయాణం చేశాను. నవ్వినవాళ్ళ ముఖాలు ఇప్పుడు కూడా వరసగా చెప్పగలను.

వాసనకు మనుషులు చస్తారా అంటే, చావవచ్చు. కామారెడ్డి దాటాక హైవే పక్కన ఉన్న బంక ఫ్యాక్టరీలో నా మొదటి ఉద్యోగం. వడ్రంగులు చెక్కలు అతికించే తెల్లబంక అక్కడ తయారయ్యేది. దానికి ముడిసరుకైన మోనోమర్ అనే ద్రవానిది దాదాపు ఇదే వాసన. నీళ్ళలా తేటగా, అమాయకంగా కనిపిస్తుంది. ఆ అమాయకత్వాన్ని నమ్మకూడదని నాకు నేర్పినవాడు ఖలీల్ సార్, అక్కడి ప్రొడక్షన్ మేనేజర్. మీలో ఎవరూ ఆయన్ను చూసి ఉండరు. ఆయన పేరు ఎక్కడా లేదు, ఆ ఫ్యాక్టరీ గోడ మీద కూడా లేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆయన నాకు చేసిన అవమానాలు కూడా ఇందులో రాస్తాను, ఎందుకంటే వాటిని వదిలేస్తే ఆయన ఆయనలా ఉండడు.

హైదరాబాద్‌లో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, పెద్ద పెద్ద ప్లాంట్లలో పనిచేసి, తల్లికి జబ్బు చేస్తే సొంతూరు కామారెడ్డికి తిరిగివచ్చిన మనిషి. ఆ చదువును ఆయన ఎప్పుడూ దాచుకోలేదు. ఎవరితో వాదన వచ్చినా "నేను సదివిందే గిది" అని మొదలుపెట్టేవాడు. పొడుగ్గా, కొద్దిగా వంగి, కళ్ళద్దాలు తాడుతో మెడకు వేలాడదీసుకుని తిరిగేవాడు. నేను చేరిన రోజు నా సర్టిఫికెట్లు చూశాడు. "కెమిస్ట్రీల ఫస్ట్ క్లాసా?" అన్నాడు. "అవు సార్" అన్నాను, కొంచెం గర్వంగానే. "ఫస్ట్ క్లాస్ కాయిదానికొచ్చింది. నీకేమొచ్చు?" అన్నాడు. అక్కడ ఆపరేటర్ బాలయ్యన్న ఉన్నాడు, ఇద్దరు హెల్పర్లు ఉన్నారు. అందరి ముందు అన్నాడు. అది మొదటిది.

రెండోది కుర్చీ. రియాక్టర్ అంటే ఇనుప మెట్లెక్కి పోతే వచ్చే అరుగు మధ్యలో దింపిన పెద్ద ఉక్కు పాత్ర. దాని పక్కన వేడి చూపించే గుండ్రటి మీటరు, అందులో ఒక ముల్లు. షిఫ్టంతా ఆ ముల్లు చూడడమే కెమిస్టు పని. చూడడానికి కుర్చీ లేదు. ఎల్లారెడ్డిలో తెల్లవారకముందే లేచి, రెండు బస్సులు మారి, సాయంత్రం దాకా నిలబడాలంటే నా కాళ్ళు ఒప్పుకోలేదు. నేను నేరుగా ఓనరు దగ్గరికి పోయి ఫిర్యాదు చేశాను. ఓనరు ఒక ప్లాస్టిక్ కుర్చీ పంపించాడు. ఖలీల్ సార్ ఆ కుర్చీని తన చేత్తో మోసుకుంటూ మెట్లు దిగి, షెడ్డు బయట పెట్టి వచ్చాడు.

"కూసున్నోనికి ముల్లు కనబడది" అన్నాడు. "కాళ్ళు గుంజాలె. గుంజుతుంటెనే కండ్లు తెరిసుంటయి."

"నా కాళ్ళు సార్, గుంజేది" అన్నాను.

"నీ కండ్లు కూడ నీవే గద."

బాలయ్యన్న మొహం అటు తిప్పుకుని నవ్వాడు. నేను మర్నాడు మళ్ళీ ఫిర్యాదు చేశాను, ఆ మర్నాడు కూడా. నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న గుణం అది. రేషన్ షాపులో తూకం తగ్గినా, బస్సు ఆపకుండా పోయినా, ఊరుకోలేను. మా అమ్మ దాన్ని రోగం అనేది. ఖలీల్ సార్ మాత్రం ఒకసారి నన్ను పక్కకు పిలిచి, "నీకు కోపమొస్తె ఎన్ని రోజులుంటది?" అని అడిగాడు. "పోదు సార్" అన్నాను. "బిల్కుల్ పోదా?" "పోదు." ఆయన తల ఊపి, "మంచిది. ఈ పనికి మరిచిపోయెటోడు పనికిరాడు" అని వెళ్ళిపోయాడు. అది మెప్పో వెక్కిరింపో నాకు అప్పుడు తేలలేదు. ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

ఆ పని ఏమిటో చెప్పాలి. పై తొట్టిలోని మోనోమర్‌ను వేడిగా తిరుగుతున్న రియాక్టర్‌లోకి సన్నటి ధారగా వదలాలి. లోపల అణువులు ఒకదానికొకటి అతుక్కుంటూ గొలుసులవుతాయి. అతుక్కున్న ప్రతిసారీ కొంచెం వేడి పుడుతుంది. రియాక్టర్ చుట్టూ ఉన్న జాకెట్‌లో పారే నీళ్ళు ఆ వేడిని లాక్కుపోవాలి. పుట్టిన వేడి పుట్టినట్టు పోతున్నంతసేపు అది వంటపనిలాంటిదే. పోయేదానికంటే పుట్టేది ఎక్కువైతే మాత్రం కథ మారుతుంది. వేడికి రియాక్షన్ వేగం పెరుగుతుంది, వేగానికి వేడి పెరుగుతుంది, ఆ వేడికి మళ్ళీ వేగం. కొంత దాటాక ఏ నీళ్ళూ దాన్ని ఆపలేవు. లోపలి ద్రవం మరిగి, ఆవిరి మూతను చీల్చుకుని వచ్చి, నిప్పు దొరికితే అంటుకుంటుంది. అందుకే మీటరు మీద పైన ఒక ఎర్రగీత ఉండేది. ముల్లు ఆ గీతను తాకితే అందరూ పరుగులే.

ఒక మధ్యాహ్నం భోజనాల తర్వాత ఖలీల్ సార్ బాలయ్యన్ననూ నన్నూ నిలబెట్టి పాఠం మొదలుపెట్టాడు.

"బాలయ్యా, ఫంక్షన్ హాల్ల దావతుకు పోయినవా?"

"పోకుంటెట్ల సార్? పోయినవారమే పోయిన. మటన్ అయిపోయింది, సాంబారే దొరికింది."

"మంది కొంచెం కొంచెం రావాలె, తినాలె, పోవాలె. గట్లయితె వడ్డించేటోడు సల్లగుంటడు. ఇప్పుడు అన్నమే ఉడకలేదనుకో. మంది వస్తనే ఉన్నరు, ఎవ్వరు తింటలేరు. హాలు నిండింది. బయటికెళ్ళి సూసెటోనికి ఎట్ల కొడుతది?"

"లొల్లి లేకుండ మంచిగ నడుస్తున్నట్టు కొడుతది."

"హా, గదే. అప్పుడు అన్నం ఉడికింది. అందరికి ఒక్కపారే తలుపు తీసిండ్రు."

"తొక్కులాటే సార్."

"గా తొక్కులాట రియాక్టర్ల అయితె నువ్వుండవు, నేనుండ, ఈమె ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ కూడ ఉండది."

మళ్ళీ నా సర్టిఫికెట్. కానీ విషయం నా బుర్రలో పడింది. వేడెక్కితే ప్రమాదమని అందరికీ తెలుసు. ధార పడుతూ ఉండగా రియాక్టర్ చల్లబడిందంటే, పోసిన మోనోమర్ తినకుండా, అంటే గొలుసులుగా అతుక్కోకుండా, లోపల పోగవుతోందని అర్థం. అది ఎప్పుడో ఒకప్పుడు ఒక్కసారిగా తింటుంది. నేను ఉక్రోషంగానే అడిగాను. "మరి పైన ఎర్రగీత పెట్టిండ్రు, కింద ఎందుకు పెట్టలే సార్? వేడెక్కితె మమ్ముల తిడుతరు. సల్లబడితె అడిగెటోడు లేడు. గిదేం న్యాయం?"

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని నా వైపు చూశాడు. "ఇన్ని ఫిర్యాదులు జేసినవు. పనికొచ్చేది గిదొక్కటి" అన్నాడు. ఆ సాయంత్రమే ఓనరు దగ్గరికి పోయి, మీటరు మీద కింద కూడా గీత కావాలని, అక్కడికి ముల్లు దిగితే గంట మోగాలని అడిగాడు. ఓనరు నవ్వాడట. "ఖలీల్ భాయ్, వేడికి భయపడాలె గని సల్లదనానికి ఏం భయం?" అన్నాడట. గీత రాలేదు, గంటా రాలేదు.

మా దగ్గర ఎండాకాలంలో ట్యాంకు నీళ్ళు చేయి పెట్టలేనంత వేడెక్కుతాయి. జాకెట్‌కు నీళ్ళు వదిలే వాల్వు పూర్తిగా తెరిచినా ముల్లు ఎర్రగీత దగ్గరే తచ్చాడుతుంది. అందుకని బాలయ్యన్న వాల్వు చక్రాన్ని చివరిదాకా తిప్పి, అది వదులు కాకుండా ఇనుపతీగతో కట్టేసేవాడు. ఏళ్ళ తరబడి అలవాటు. ఎండాకాలం పోయినా ఆ తీగ విప్పాలని ఎవరికీ తోచేది కాదు. ఒక చలికాలం, బయట ఎండలోనే వణుకు పుట్టే రోజున, మధ్యాహ్నం బ్యాచ్ నడుస్తోంది. ట్యాంకు నీళ్ళు మంచులా ఉన్నాయి. తీగ తీగలాగే ఉంది. ముల్లు మెల్లగా కిందికి జారుతోంది. జారుతోందని నేను అన్నాను కూడా. "ఇయ్యాల మస్తు మాట ఇంటున్నది మేడమ్, ఎందుకు కెలుకుతరు?" అన్నాడు బాలయ్యన్న. కింద ఒక గీత ఉండి ఉంటే నా మాటకు బలం ఉండేది. గీత లేదు కాబట్టి అది నా గొణుగుడుగా పోయింది.

అప్పుడు కరెంటు పోయింది. రియాక్టర్ లోపల కలిపే రెక్కలు ఆగిపోయాయి. షెడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. కాసేపటికి జనరేటర్ అందుకుంది, లైట్లు వచ్చాయి. రెక్కలు తిప్పే బటన్ మాత్రం చేత్తో నొక్కాలి. ఆలస్యమైతే బంక గడ్డకడుతుందని, జనరేటర్ రాగానే నొక్కమని మాకు చెప్పి ఉంచారు. నేను అదే చేయబోయాను. తప్పు నాది కాదు, ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను. వేలు బటన్ మీద ఉండగా ఇనుప మెట్లు దడదడలాడాయి. ఖలీల్ సార్ వచ్చిన ఊపులోనే నా చేతి మీద కొట్టాడు. నా చేతి గాజు పగిలి మణికట్టులో గుచ్చుకుంది.

"ముట్టకు!" అని అరిచాడు. ఆ చేత్తోనే పై తొట్టి వాల్వు మూసేశాడు. టార్చి తీసుకుని రియాక్టర్ మూతకున్న అద్దంలోంచి లోపలికి వెలుగు కొట్టాడు. "ఇటు రా. సూడు."

చూశాను. కింద పాలలాంటి తెల్లటి బంక. దాని మీద జానెడు మందాన తేటగా, కదలకుండా, నీళ్ళలాంటి పొర.

"గదేంది?"

"మోనోమర్."

"తిన్నదా?"

"తినలే సార్."

"నువ్వు బటన్ నొక్కి మొత్తం ఒక్కపారి కలిపితె?"

"తొక్కులాటే సార్" అన్నాను. చేతి మీద రక్తం కారుతోంది. ఆయన దాన్ని చూశాడు. బాలయ్యన్ననూ హెల్పర్లనూ గేటు బయటికి పొమ్మన్నాడు. వాళ్ళు పరుగెత్తారు. "నువ్వు గూడ పో" అన్నాడు నాతో. "పోను" అన్నాను. భయం లేక కాదు. కొట్టి, తరిమేస్తే పోవడానికి మనసు ఒప్పుకోలేదు. "అయితె నోరు మూస్కొని ముల్లు సూడు" అన్నాడు.

రియాక్షన్‌ను చంపే మందు ఒక డబ్బాలో, రియాక్టర్ పక్కనే ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఆయన పెట్టించిందే. దాన్ని లోపలికి పోశాడు. తర్వాత బటన్ నొక్కి వెంటనే వదిలాడు. రెక్కలు ఒక్కసారి మూలిగి ఆగాయి. "ఎంత?" అన్నాడు. "ఎక్కుతున్నది" అన్నాను. ఆగాడు. "ఇప్పుడు?" "ఆగింది." మళ్ళీ నొక్కి వదిలాడు. ముల్లు పైకి పరుగెత్తింది, పై గీతను తాకింది, దాటింది కూడా. అక్కడ వణుకుతూ నిలబడింది. పారిపోవడానికి ఇనుప మెట్లు ఎటు ఉన్నాయో నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఖలీల్ సార్ పెదవులు కదులుతున్నాయి, దువా చేస్తున్నాడో లెక్క కడుతున్నాడో తెలియదు. ముల్లు దిగడం మొదలైంది. "దిగుతున్నది సార్" అన్నాను. "మంచిగ సూడు." "దిగుతున్నది." అప్పుడాయన మెట్టు మీద కూర్చున్నాడు. రియాక్టర్ దగ్గర ఆయన కూర్చోవడం నేను చూసింది అదొక్కసారే.

బ్యాచ్ మొత్తం పాడైంది. పెరుగు విరిగినట్టు గడ్డలు గడ్డలుగా బయటికి తీశారు. మూత ఎగరలేదు, మంట లేవలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. అదే ఆయన మెడకు చుట్టుకుంది. "ఏమైందని చంపిండు బ్యాచ్‌ను?" అని ఓనరు ప్రతి ఒక్కరినీ అడిగాడు. "ఏం కాలే గద?" జరగనిదాన్ని ఎలా చూపిస్తారు? కాలిన షెడ్డు ఉంటే చూపించవచ్చు. నిలబడి ఉన్న షెడ్డును చూపించి, ఇది కాలిపోయేది అంటే ఎవరు నమ్ముతారు?

ఓనరు నన్ను ఆఫీసుకు పిలిచాడు. "కూసో స్వరూపా" అని మెత్తటి కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"నీకు ఆయనంటె పడది గద? కుర్చీ గురించి ఎన్నిపార్లొచ్చినవు నా తాన. చెయ్యి గూడ చేసుకున్నడట. ఉత్తగనే పరేషానై బ్యాచ్ పాడుచేసిండని ఒక్క మాట చెప్పు. ఆయన సీటు ఇంకొకలకు ఇయ్యాలె, నువ్వే చూస్కో."

"కుర్చీ సంగతి నేను మరిచిపోలే సార్" అన్నాను. "కొట్టిన సంగతి గూడ మరువ. అది నాకు ఆయనకు మధ్యల ఉన్నది. బ్యాచ్ సంగతి వేరే. అద్దంల నేను కండ్లార చూసిన. ఆయన బటన్ నొక్కనిస్తె ఇయ్యాల మీరు అడగనీకె నేనుండకపోదును."

"గంత పెద్ద మాటలెందుకు? ఏం కాలే గద."

"ఆయన ఉండబట్టి కాలే."

ఓనరు చేత్తో తలుపు వైపు చూపించాడు. నన్ను తీసేయలేదు. ఖలీల్ సార్‌ను మాత్రం రేపటి నుంచి రావద్దన్నాడు.

రెండు రోజుల తర్వాత కామారెడ్డి బస్టాండ్‌లో టీ తాగుతూ కనిపించాడు. నేను దగ్గరికి పోయి, ఆఫీసులో ఏం చెప్పానో చెప్పాను. ఒక మంచి మాట వస్తుందనుకున్నాను. మణికట్టుకు కట్టు ఇంకా ఉంది.

"నా గురించి చెప్పినవా?" అన్నాడు.

"చెప్పిన సార్."

"గీత గురించి చెప్పినవా?"

"ఏ గీత?"

"కింది గీత! నువ్వే అడిగిన గీత. నేను పోయిన, ఖతం. ముల్లు ఆడనే ఉన్నది, బాలయ్య తీగ ఆడనే ఉన్నది. నా ముచ్చటెందుకు చెప్పినవ్?" అని విసుక్కుని, గ్లాసు అక్కడ పెట్టి, ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. నేను ఉద్యోగం మీదికి తెచ్చుకుని ఆయన పక్షాన మాట్లాడితే, నాకు దొరికింది మరో తిట్టు. బస్సు ఎక్కాక కూడా ఒళ్ళు మండుతూనే ఉంది. దారిపొడవునా ఆయనతో మనసులో పోట్లాడాను. ఎల్లారెడ్డి వచ్చేసరికి పోట్లాడడానికి మాటలు మిగల్లేదు. కింది గీత మిగిలింది.

ఆ సాయంత్రం పగిలిన గాజుకు బదులు కొనుక్కుందామని గాజుల దుకాణానికి పోయి, గాజులు కొనలేదు. ఎర్రటి గోళ్ళరంగు సీసా కొన్నాను. మర్నాడు మీటరు అద్దం మీద, ముల్లు ఎంత దిగితే భయపడాలో అక్కడ, గీత గీశాను. ఓనరు చూసి తుడిపించాడు. మళ్ళీ గీశాను. "మీటరు ఖరాబ్ చేస్తున్నవ్" అని అరిచాడు. మళ్ళీ తుడిపించాడు, మళ్ళీ గీశాను. ఎవరు ముందు విసిగిపోతారో చూద్దామని నేను అనుకున్నాను. విసిగిపోవడం నాకు తెలియదు. మరుసటి చలికాలం నాటికి తుడవడం ఆపేశారు. ఒకరోజు బాలయ్యన్న నన్ను కేకేశాడు. "మేడమ్, ముల్లు కింది గీత మీదికొచ్చింది. ధార బంద్ పెట్టిన. తీగ ఇప్పాల్నా?" అన్నాడు. "ఇప్పు అన్నా" అన్నాను. తీగ విప్పే చప్పుడు వినిపించింది. చెప్పుకోవడానికి ఖలీల్ సార్ లేడు.

తర్వాత ఫ్యాక్టరీలు మారాను. ఇప్పుడు నేనే ఇన్‌చార్జిని. పోయిన వానాకాలం కామారెడ్డి బస్టాండ్ టీ దుకాణం అతను మాటల్లో అన్నాడు, ఖలీల్ సార్ గుండెజబ్బుతో పోయి అప్పటికే నెలలైందని. నాకు ఎవరూ చెప్పలేదు. ఒక ఫోన్ చేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఇది కూడా నేను మరిచిపోను.

మొన్నటి బస్సులో టికెట్ చిల్లర కోసం సంచి తెరిస్తే ముందు సీటు అమ్మాయి తొంగిచూసింది. "అక్కా, వాసన పడదని కిటికీలు తెరిసినవ్. నీ సంచిల గదే సీసా ఉన్నది గద!" అంది. వెనక అవ్వ మళ్ళీ నవ్వింది. "నాది గోళ్ళకు గాదు" అన్నాను. "మరి దేనికి?" అని ఆ పిల్ల అడిగింది. బస్సు ఎల్లారెడ్డి చేరేదాకా నిలబడే చెప్పాను, ఫంక్షన్ హాలు నుంచి మొదలుపెట్టి. కొత్త మీటరు ఎక్కడ బిగించినా కింది గీత నేనే గీస్తాను. మా రియాక్టర్ పక్కన కుర్చీ లేదు. కొత్తగా చేరిన కెమిస్టు దాని గురించి నా మీద పైవాళ్ళకు ఫిర్యాదు చేసిందని విన్నాను. ఆమె కోపం ఎన్ని రోజులుంటుందో చూడాలి.

ఇంట్లో అంతా నిశ్శబ్దంగా ఉంటే నాకిప్పటికీ కుదురుండదు. లేచి వంటింట్లోకి పోయి చూసి వస్తాను, మళ్ళీ పోతాను. గాజు గుచ్చుకున్న చోట మణికట్టు మీద సన్నటి మచ్చ ఉంది. ఆ దెబ్బకు ఖలీల్ సార్‌ను నేను క్షమించలేదు. క్షమిస్తే ఆ మధ్యాహ్నాన్ని మరిచిపోతానేమోనని నా భయం.